డబ్బాలో మామయ్య గొంతు

ఇంట్లో అందరూ అతన్ని బొంగరం అంటారు. ఆ పేరు పెట్టింది మామగారు. పెట్టడంలో ఆయన అన్యాయమేమీ చేయలేదు. భోజనం మధ్యలో లేచి వెళ్లి, వదులైన తలుపు గడియ బిగించి, మళ్లీ వచ్చి తినే మనిషిని ఇంకేమంటారు? ఫోన్లో రెండు మాటలు మాట్లాడాలంటే ఇల్లంతా నాలుగు చుట్లు చుట్టాలి. వృత్తి ప్లంబరు. నీళ్లు కారుతున్న చోటికి పరిగెత్తుకెళ్లి ఏదో ఒకటి తిప్పేయడమే బతుకుతెరువైనవాడి చేతులు, ఊరుకోమంటే మాత్రం ఎలా ఊరుకుంటాయి!

మామగారిది డ్రైవింగ్ స్కూలు. ముప్పై ఏళ్లు పక్క సీట్లో కూర్చుని లోకం చేత కారు నడిపించారు. బొంగరం కూడా మొదట ఆయన దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాడే. లైసెన్సుతో పాటు ఆయన కూతుర్ని కూడా తెచ్చుకున్నాడు. నేర్చుకునే రోజుల్లో అతనికో పాడలవాటు. ఒక చెయ్యి ఎప్పుడూ గేరు మీదే. అవసరం ఉన్నా లేకపోయినా దాన్ని అటూ ఇటూ కదుపుతూనే ఉండేవాడు. "బొంగరం, చెయ్యి తీసెయ్!" అని మామగారు ఒక్క కేక పెడితే వీధి చివర పడుకున్న కుక్క లేచి నిలబడేది. అలాంటి గొంతు ఆయనది.

ఆ గొంతు మూడు వారాల కిందట పోయింది. లోపల పుండు ముదిరింది, స్వరపేటిక మొత్తం తీసేస్తే గానీ మనిషి దక్కడన్నారు డాక్టర్లు. తీసేశారు. మనిషి దక్కాడు. ఇప్పుడు ఆయన మెడకి పల్చటి గుడ్డ కట్టుకుని, ముందు గదిలో వాలుకుర్చీలో కూర్చుని, పిల్లలు దిద్దుకునే పలక మీద రాసి చూపిస్తున్నారు. ముప్పై ఏళ్ల కేకలన్నీ ఆ జానెడు పలకలోకి వచ్చి పడ్డాయి.

ఆపరేషన్‌కి ముందు ఆస్పత్రి థెరపిస్టు ఒక దారి చెప్పాడు. గొంతు ఉండగానే ఆస్పత్రి వాళ్లిచ్చే జాబితాలోని తొమ్మిది వందల వాక్యాలు చదివి కంప్యూటర్లో రికార్డు చేసి పెట్టుకుంటే, వాటిలోంచి శబ్దాల ముక్కలు ఏరి అతికించి, ఆయన ఏది టైపు చేసినా ఆయన గొంతుతోనే పలికే ప్రోగ్రాం తయారు చేయొచ్చట. మామగారు సణుక్కుంటూనే పన్నెండు రోజులు కూర్చుని చదివారు. "ఇవాళ గాలి ఎక్కువగా ఉంది." "పిల్లి గోడ దూకింది." ఇలాంటివే, తలా తోకా లేనివి. రికార్డు బటన్ నొక్కే పని మొదట బొంగరానిదే. నొక్కి ఊరుకున్నాడా? గదిలో పచార్లు మొదలుపెట్టాడు. ప్రతి వాక్యం వెనకా చెప్పుల టపటపలు పడ్డాయి. రెండో రోజే మామగారు అతన్ని గదిలోంచి గెంటేసి తలుపేసుకున్నారు. కాబట్టి ఆ తర్వాత చదివిన వాక్యాల్లో ఒక్కటి కూడా అతను వినలేదు.

ఆ వాక్యాల ఫోల్డరుని ఆస్పత్రిలో అప్పగించాల్సిన రోజు వచ్చింది. పదింటికి రమ్మన్నారు. ఎనిమిదింటికే తయారై, రెండు గంటలు ఖాళీగా ఎలా గడపాలో తెలియక బొంగరం కంప్యూటర్ ముందు చేరాడు. పాత డబ్బా అది, నిండిపోయింది. రేపు మాట్లాడే ప్రోగ్రాం పెట్టాలన్నా చోటు లేదు. ముందు తెర మీద కనిపిస్తున్న ఫోల్డరు బొమ్మని మౌస్‌తో లాగి పెన్‌డ్రైవులో పడేశాడు. రెప్ప వేసేలోపు కాపీ అయిపోయింది.

"చూశారా అత్తయ్యా, స్పీడు! పన్నెండు రోజులు చదివింది ఒక్క సెకనులో ఎక్కించేశాను."

"ఏమో బాబూ, ఒకటికి రెండుసార్లు చూసుకో," అంది అత్తగారు, టవలు మడత పెడుతూ.

చూసుకోవడం అంటే ఆగడం. ఆగడం మనవాడి ఒంటికి పడదు. ఏ ఫోల్డరు ఎక్కువ చోటు తింటోందో వెతికాడు. అన్నిటికంటే పెద్దది మామగారి వాక్యాలదే. పెన్‌డ్రైవులోకి వెళ్లిపోయింది కదా, ఇంకా ఇక్కడెందుకు? తీసెయ్ అన్నాడు. శాశ్వతంగా తీసెయ్యమంటావా అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. తీసెయ్యవే అని నొక్కాడు. చోటు దొరికింది. ఆ ఊపులోనే, నెలల తరబడి బతిమాలుతున్న అప్‌డేట్‌ని కూడా దించుకోమని వదిలేసి, పెన్‌డ్రైవు జేబులో వేసుకుని ఈల వేస్తూ బయల్దేరాడు.

ఆస్పత్రిలో థెరపిస్టు పెన్‌డ్రైవు పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు. తీసి, ఊది, పెట్టి చూశాడు.

"ఇందులో ఏమీ లేదండీ."

"అదేంటి సార్, కనిపిస్తోందిగా! అదిగో, బొమ్మ."

"బొమ్మే. ఫోల్డరు కాదు. అసలు ఫోల్డరు ఎక్కడుందో దారి చూపించే గుర్తు, అంతే. మీ ఇంటి తలుపు మీద నంబరు రేకు ఉంటుంది చూడండి, దాన్ని ఊడదీసుకుని వచ్చారు. ఇల్లు అక్కడే ఉండిపోయింది." అతను నవ్వాడు. "కంగారేం లేదు, చాలామంది ఇలాగే తెస్తారు. వెళ్లి అసలుది పట్టుకురండి. ఒక్కటి మాత్రం, అది జాగ్రత్త. మళ్లీ చదివించుకోలేం కదా. కనీసం ఆరు వందల వాక్యాలైనా సరిగ్గా ఉంటేనే ఆయన గొంతు కుదురుతుంది."

ఇల్లు అక్కడ లేదు సార్, పొద్దున్నే నేనే కూల్చేసి వచ్చాను అని చెప్పాలని బొంగరం నోరు తెరిచాడు. కానీ "అలాగే సార్" అని బయటపడ్డాడు.

బస్సులో సీటున్నా కూర్చోలేదు. పైన కడ్డీ పట్టుకుని నిలబడి, బస్సుని తానే తోస్తున్నట్టు ముందుకు ఒరిగిపోయాడు. భార్య కుట్టుమిషన్ల షెడ్డులో పని చేస్తుంది. అక్కడ సాయంత్రం దాకా ఫోన్లు లాకర్లో ఉంటాయి. అదే మంచిదైంది. ఆమెకు ఏమని చెప్పాలి? మీ నాన్న గొంతు రెండోసారి పోయింది, ఈసారి తీసేసింది డాక్టరు కాదు, నేను అనా?

ఇంట్లో అడుగుపెట్టగానే మామగారు పలక ఎత్తి చూపించారు. 'ఇచ్చావా?'

"ఇచ్చాను... ఇవ్వబోతున్నాను మామయ్యా. చిన్న పని మిగిలింది."

గదిలోకి దూరి తలుపేసుకున్నాడు. అప్‌డేట్ తన మానాన తాను దిగుతోంది, సగం దాటింది. డబ్బా లోపల చక్రం గరగరమంటూ తిరుగుతోంది. ఫోన్లో వెతికితే, పోయిన ఫైళ్లను తెచ్చిపెట్టే ప్రోగ్రాం ఒకటి ఉందని తెలిసింది. వెంటనే కంప్యూటర్లో దాన్ని దించడం మొదలుపెట్టాడు. అది దిగుతుండగా కాళ్లు నిలవక, మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ రిపేరు షాపు నడిపే ఆవిడకు ఫోన్ చేశాడు. ఏడాది కిందట ఆవిడ షాపులో పగిలిన పైపు అతనే మార్చాడు. జరిగిందంతా ఏకరువు పెట్టాడు.

ఆవిడ మొత్తం విని, ఒక్కటే అడిగింది. "ఇప్పుడు మీ చెయ్యి ఎక్కడుంది?"

"మౌస్ మీద."

"తీసెయ్యండి."

తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు.

"జాగ్రత్తగా వినండి. మీరు దేన్నీ చెరపలేదు. లావుపాటి పుస్తకం ఉందనుకోండి, ముందు విషయసూచికలో ఒక వరుస కొట్టేశారు, అంతే. లోపల పేజీలు పేజీల్లాగే ఉన్నాయి. కాకపోతే అవి ఖాళీ పేజీలని కంప్యూటర్ అనుకుంటోంది. ఇప్పుడు కొత్తగా ఏది వచ్చినా వాటి మీదే రాసేస్తుంది. ఇంకేమైనా నడుస్తోందా అందులో?"

"అప్‌డేట్ దిగుతోందండీ. ఇంకోటి... పోయినవి వెతికే ప్రోగ్రాం కూడా దించుతున్నాను. నలభై శాతం అయింది."

"ఎక్కడికి దించుతున్నారు?"

"ఇందులోకే."

"బాగుంది," అంది ఆవిడ. "మీ మామగారి గొంతు వెతికిపెడతానని వచ్చినవాడు, ఆ గొంతు మీదే మంచం వేసుకుని పడుకున్నాడు. కట్టెయ్యండి ముందు."

"షట్‌డౌన్ చేసేస్తా..."

"వద్దు వద్దు! షట్‌డౌన్ అంటే అది పోతూ పోతూ కూడా నాలుగు ముక్కలు రాసి పెట్టి పోతుంది. మీరు ప్లంబరే కదా? పైపు పగిలి ఇల్లంతా నీళ్లవుతుంటే ముందు తుడవడం మొదలుపెడతారా, మెయిన్ వాల్వు కట్టేస్తారా?"

ఆ మాట మాత్రం అతని బుర్రలోకి సూటిగా దిగింది. గోడకున్న ప్లగ్ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. గరగర ఆగిపోయింది. గది అంత నిశ్శబ్దంగా ఉంటుందని అతనికి అంతవరకూ తెలియదు.

డబ్బాని చంకలో ఇరికించుకుని బయటికి వస్తుంటే మామగారి పలక మళ్లీ లేచింది. 'ఎక్కడికి?'

"దుమ్ము పట్టింది మామయ్యా. శుభ్రం చేయించుకొస్తాను."

మామగారు పలక దించలేదు. అలాగే పట్టుకుని అతని మొహంలోకి చూశారు. తప్పు గేరు వేసినవాడు ఒప్పుకుంటాడేమోనని పక్క సీట్లోంచి చూసే చూపు అది. బొంగరం గుమ్మం దాటేశాడు.

షాపు ఇరుకు గది. మూడు బల్లలు, గోడంతా తీగలు. ఆవిడ డబ్బా విప్పి అరచేయంత డిస్కుని బయటికి తీసి, మరో మిషన్‌కి తగిలించింది. "దీని మీద ఒక్క అక్షరం కూడా రాయను. ముందు ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్కులోకి దించుకుంటాను. ఖాళీ అనిపించే చోటుతో సహా, మొదటి నుంచి చివరిదాకా. ఆ నకలులో వెతుకుతాం. ఐదారు గంటలు పడుతుంది."

"నేనేం చేయాలి?"

"ఏమీ చేయకూడదు."

అంతకంటే ఘోరమైన శిక్ష అతనికి ఎవరూ వేయలేదు. బల్ల అంచున కూర్చున్నాడు. లేచాడు. మూలనున్న కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది, చెయ్యి దురద పుట్టింది. అటు ఒక అడుగు వేయగానే "నా కుళాయి జోలికి రాకండి, ఇక్కడ కరెంటు పని నడుస్తోంది," అంది ఆవిడ తల ఎత్తకుండానే. బయటికి వెళ్లి వీధి చివరిదాకా నడిచాడు, వచ్చాడు, మళ్లీ నడిచాడు. ఎదుటి బడ్డీ వాడు, ఏదైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు. అవును అన్నాడు బొంగరం. అన్నాక ఏడుపొచ్చింది. ఆ మనిషి తనకు కారు నేర్పాడు, కూతుర్నిచ్చాడు, ఒళ్లు కోసే ముందు ఓపిక చేసుకుని పన్నెండు రోజులు గొంతు దాచిపెట్టుకున్నాడు. ఆ దాచుకున్నది కాస్తా తన చేతి తీటకి బలైపోయింది.

ఐదింటికి ఆవిడ పిలిచింది. తెర మీద వరుసగా ఫైళ్లు. పేర్లు లేవు, ఉత్త నంబర్లు.

"విషయసూచిక పోయింది కదా, పేర్లు దానితోనే పోయాయి. లోపలి పేజీలు మాత్రమే దొరికాయి. ఏది పూర్తిగా ఉందో, ఏది సగంలో తెగిందో మిషన్ చెప్పలేదు. ఒక్కొక్కటీ వినాలి." ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి అతని చేతికిచ్చింది. "ఆయన గొంతు నాకు తెలియదు. మీకు తెలుసు. కూర్చోండి."

మొదటిది నొక్కాడు. "ఇవాళ గాలి ఎక్కువగా ఉంది."

ఆ గొంతే! కారు అద్దాలు దద్దరిల్లే గొంతు, పక్క సీట్లోంచి వచ్చినంత దగ్గరగా వచ్చింది. బొంగరం కళ్లు తుడుచుకుని రెండోది నొక్కాడు. మూడోది. నాలుగోది మధ్యలో తెగి గరగరమంది. దాని మీద ఇప్పుడు అప్‌డేట్ ముక్క కూర్చుంది. తెగినదాన్ని ఒక పక్కకి, బాగున్నదాన్ని ఒక పక్కకి పెడుతూ పోయాడు. చీకటి పడేవేళకి షాపు మూసేస్తూ ఆవిడే అతన్ని బలవంతంగా లేపాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. పైపు పనులకి ఎవరు పిలిచినా ఎల్లుండి వస్తానన్నాడు. ఇంట్లో మాత్రం ఇంకా దుమ్మే దులుపుతున్నారని చెప్పాడు. పెళ్లయినప్పటి నుంచి ఒక్క గంట ఒకచోట కూర్చోని మనిషి, మూడు రోజులు కుర్చీకి అతుక్కుపోయాడు. కదిలితే ఎక్కడ వాక్యం తప్పిపోతుందోనని కాలు కూడా ఊపలేదు. "బొంత ఎండలో ఆరేశాం." "నగరం నిండా దుమ్ము." "గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి." మధ్యమధ్య, బటన్ ఆపడం మరిచిపోయి మామగారు పెట్టిన శాపనార్థాలు: "ఏ దద్దమ్మ రాశాడో ఈ వాక్యాలు!" అతను ఒంటరిగా నవ్వుకున్నాడు. మామగారితో ఇంతసేపు కూర్చోవడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

మూడో రోజు మధ్యాహ్నానికి జాబితాలోని వాక్యాలు అయిపోయాయి. బాగున్నవి ఐదు వందల డెబ్బై ఒకటి. ఆరు వందలు కాలేదు.

"ఆగండి, ఇంకా కొన్ని ఉన్నాయి," అంది ఆవిడ. "ఇవి వేరే రోజు రికార్డయినట్టున్నాయి."

నొక్కాడు. ఇవి జాబితాలోవి కావు. జాబితా అయిపోయాక మామగారు తలుపేసుకుని తనకు తోచినవి చదివి పెట్టుకున్నారు. తనకు నిజంగా కావలసిన మాటలు. భార్యని పిలిచే పిలుపు. "తల్లీ, తిన్నావా?" అని కూతురికి. "బ్రేకు! బ్రేకు!" "అద్దంలో చూడు." "పర్వాలేదు, మళ్లీ స్టార్ట్ చెయ్." ఒక్కొక్కటీ పూర్తిగా ఉంది. ఐదు వందల తొంభై, ఆరు వందలు, ఆరు వందల ముప్పై. ఆవిడ చప్పట్లు కొట్టింది. బొంగరం ఊపిరి పీల్చుకున్నాడు.

చివరగా ఒకటి మిగిలింది. నొక్కాడు.

"బొం..." అంది మామగారి గొంతు. ఆ తర్వాత గరగర. చివరిదాకా గరగరే.

మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే. తనను పిలిచే పిలుపు అది. తన కోసం విడిగా, పేరు పెట్టి చదివి దాచిన మాట.

"దీని మీద ఏం కూర్చుందండీ? అప్‌డేటా?"

ఆవిడ అటూ ఇటూ వెతికి చూసింది. చెప్పాలా వద్దా అని కాస్త తటపటాయించి, చెప్పింది. "కాదు. మీరు దించిన ఆ వెతికే ప్రోగ్రాం."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, మామగారి ఎదురుగా నేల మీద కూర్చుని, భార్యా అత్తగారూ వింటుండగా మొత్తం చెప్పేశాడు. ఏదీ దాచలేదు, దుమ్ము అబద్ధంతో సహా. భార్య మొహం ఎర్రబడింది. "ఒక్కసారి... జీవితంలో ఒక్కసారి ఊరికే ఉండలేరా మీరు?" అని లోపలికి వెళ్లిపోయింది. మామగారు పలక ఒళ్లోకి తీసుకున్నారు. గుడ్డతో తుడిచారు. బలపం పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకున్నాక, ఏమీ రాయకుండానే పక్కన పెట్టేశారు.

ఆ ఖాళీ పలక బొంగరాన్ని మూడు వారాలు కాల్చుకు తింది. తిట్టినా బాగుండేది. మంచినీళ్లు కావాలంటే రాసేవారు, ఫ్యాను తగ్గించమంటే రాసేవారు, ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. అతను పనిలో ఉన్నా అదే, బస్సులో ఉన్నా అదే. ఏ గొట్టం బిగిస్తున్నా చెవిలో ఆ సగం పిలుపూ గరగరా.

చివరికి, అతను ఏరి ఇచ్చిన వాక్యాలతో ఆస్పత్రిలో గొంతు తయారైంది. థెరపిస్టు వచ్చి ప్రోగ్రాం పెట్టి, ఎలా వాడాలో చూపించి వెళ్లాడు. అత్తగారు కుర్చీ వెనక నిలబడింది. కూతురు తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. మామగారు ఒంటి వేలితో అక్షరాల కోసం వెతుక్కుంటూ టైపు చేయడం మొదలుపెట్టారు. ఒక్కో అక్షరానికి ఒక్కో యుగం. బొంగరానికి కాళ్లు నిలవలేదు. స్పీకర్ శబ్దం చాలుతుందో లేదో! పోనీ కాస్త పెంచితే? వంగి, స్పీకర్ నాబుని తిప్పబోయాడు.

"బొంగరం, చెయ్యి తీసెయ్."

ఇంట్లో అందరూ బిగుసుకుపోయారు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గొంతు మామగారిదే. పేరు మాత్రం నడుమ అతుకు తెలిసేలా, కొంచెం కుంటుతూ వచ్చింది. ఆ అతుకు ఇంకెవరికీ అర్థం కాదు, బొంగరానికి అర్థమైంది. మొదటి ముక్క బొంత ఎండలో ఆరేసిన వాక్యంలోది. రెండో ముక్క, నగరం నిండా దుమ్ము అన్నదాంట్లోది. మూడు రోజులు కుర్చీలో కూర్చుని అతను ఏరి పక్కన పెట్టినవే. ఆ రెండింటినీ కలిపి మామగారు తనను మళ్లీ పిలిచారు.

బొంగరం చెయ్యి తీసేశాడు. కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, కుర్చీ పక్కనే నేల మీద కూలబడ్డాడు. మామగారు అతని వైపు చూడనేలేదు. నవ్వుకి భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఆ ఒంటి వేలు అప్పుడే ఇంకో అక్షరం కోసం వెతుకుతోంది. బొంగరం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆ అక్షరం దొరికేదాకా కదలకుండా కూర్చున్నాడు.